మొగ నుంచి అర్జీలు

పట్టాభి పంపిన అర్జీలో తప్పు కనిపించడం వకుళకు అదే మొదటిసారి. అందుకే ముందు తన కళ్లనే అనుమానించింది. కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. తప్పు తప్పుగానే ఉంది.

"మూడో పాయ దగ్గర గట్టును పడమటికి జరపాలి" అని రాశాడు. మూడో పాయను సముద్రం మింగేసి చాలా ఏళ్లయింది. అక్కడిప్పుడు పాయా లేదు, గట్టూ లేదు, ఒడ్డున ఉండే సరుగుడు తోటా లేదు. లేని గట్టును జరపమంటే సర్వర్ ఏం చేస్తుంది? దానికి తెలిసింది ఒక్కటే. రాతలో ఉన్నది నీళ్లలో లేకపోతే, దాన్ని కట్టాలి. అర్జీ కింద అది వేసిన ప్లాన్ కూడా అదే చెబుతోంది. రెండో పాయ గట్టులో సగం ఊడదీసి, నడిపించుకుంటూ తీసుకెళ్లి, సముద్రం మధ్యలో కొత్త గట్టు కడతానంటోంది. చివర ఎప్పటిలాగే అడిగింది: ఆమోదిస్తారా?

వకుళ ఆమోదించలేదు. గమనికల గడిలో "మూడో పాయ ఇప్పుడు లేదు కదా?" అని రాసి, కాఫీ కలుపుకోవడానికి లేచింది. కలుపుకున్న కాఫీ తాగడం అయిపోయినా జవాబు రాలేదు. గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి తెర మీద ఉంది.

"అవును. పొరపాటు. వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ పూట ఆమెకు దిగులు కలగలేదు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సంతోషమే వేసింది. పట్టాభి ఆమె భర్త. ఆ వారం వాళ్లిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలవి.

*

సముద్రం పైకి రావడం మొదలయ్యాక, పోటు వేళల్లో ఉప్పునీళ్లు కొల్లేటి సరస్సు నుంచి వచ్చే ఉప్పుటేటికి ఎదురెక్కి కొల్లేరు దాకా వచ్చేసేవి. చేపలు చచ్చి తేలేవి. బోరింగు కొడితే ఉప్పునీళ్లు పడేవి. వరిచేలు తెల్లగా ఉప్పు పూసి మాడిపోయేవి. ప్రభుత్వం కాంక్రీటు గోడలు కట్టించింది కానీ, అడుగున ఇసుక కదిలిపోతుంటే ఏ గోడ నిలుస్తుంది? అన్నీ ఒరిగిపోయాయి.

అప్పుడు పట్టాభి నడిచే గట్టును కనిపెట్టాడు. వీధి తలుపుకు మూడింతలుండే ఉక్కు పలకలు, ఒక్కోదానికి అడుగున పీతకున్నట్టు కాళ్లు. అవి ఏటి అడుగున నడిచి వెళ్లి, ఒకదాని పక్కన ఒకటి నిలబడి, చేతులు కలుపుకుంటాయి. ఇసుక కదిలితే వాటంతట అవే సర్దుకుంటాయి. అక్కర్లేదంటే చేతులు వదిలేసి పక్కకు తొలగిపోతాయి. ఎవరూ రాయి మోయక్కర్లేదు, మట్టి పోయక్కర్లేదు.

వాటిని నడిపించే సర్వర్ వకుళ పెట్టింది. ఏ గట్టు ఎక్కడ నిలబడాలో, ఎంత ఎత్తులో ఉండాలో, ఏ పంపు ఎప్పుడు తిరగాలో అంతా అందులో అక్షరాల్లో రాసి ఉంటుంది. రాత మారితే నీళ్ల దారి మారుతుంది. మీట నొక్కి గట్టు కదిపే వీలు మంత్రికి కూడా లేదు. మార్పు కావాలంటే ఒకరు అర్జీ పెట్టాలి. ఏలూరు ఆఫీసులో దాన్ని పుల్ రిక్వెస్ట్ అనేవాళ్లు. వీళ్లిద్దరికీ మాత్రం మొదటి నుంచీ అది అర్జీయే. అర్జీ రాగానే సర్వర్ ప్లాన్ వేసి, కొత్తగా వచ్చేవేమిటి, మారేవేమిటి, పోయేవేమిటి చూపిస్తుంది. రెండో మనిషి అది చదివి ఒప్పుకుంటేనే అమలు చేస్తుంది.

ఆ నిబంధనలు రాసిన రోజు వాళ్లు భీమవరంలో ఒక అద్దె గదిలో ఉన్నారు. పెళ్లయి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. వకుళ టైపు చేస్తోంది, పట్టాభి వెనక నిలబడి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఎవరి అర్జీని వాళ్లే ఆమోదించుకోకూడదు," అని పైకి చదువుతూ రాసింది.

"ఇద్దరూ ఒకేచోట ఉండకూడదు. అది కూడా రాయి," అన్నాడు పట్టాభి.

"అదెందుకండీ?"

"ఒకే వరదకి ఇద్దరూ కొట్టుకుపోతే? ఒకడే వచ్చి ఇద్దరి మెడ మీదా కత్తి పెడితే? ఒకరు కొల్లేరు చివర, ఒకరు సముద్రం చివర. ఈ చివర పెట్టిన అర్జీని ఆ చివర ఒప్పుకోవాలి."

"బానే ఉంది. ఎవరా ఇద్దరు?"

"ప్రస్తుతానికి మనమే. ఏడాది తిరిగేలోగా కొత్తవాళ్లని వేస్తార్లే."

ఆమె నవ్వుతూ రాసింది. ఆయన ఒలిచిన పప్పులు ఆమె అరచేతిలో పోశాడు.

కొత్తవాళ్లను వేశారు. వాళ్లు వచ్చారు, లంకలోని దోమలూ ఏకాంతమూ చూసి, పేరు ఎక్కించుకోకముందే వెళ్లిపోయారు. వకుళ పెరికలంకలో ఉండిపోయింది, కొల్లేటి నడుమ, చుట్టూ నీళ్లు. పట్టాభి మొగలో ఉండిపోయాడు. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్లు మొగ అంటారు. మధ్యలో అరవై కిలోమీటర్ల ఏరు. ఒక చివర కుర్చీ ఖాళీ అయితే అర్జీలు కదలవు, అర్జీలు కదలకపోతే గట్టు కదలదు. అందుకని ఆమె ఎప్పుడైనా మొగకు వెళితే, మళ్లీ పోటు మొదలయ్యేలోగా తిరిగి రావాల్సిందే. భోజనం పెడుతూ గోడ గడియారం చూసేది. ఆయన తింటూ చూసేవాడు.

"నువ్వు మానెయ్యొచ్చుగా," అనేవాడు.

"మీరు మానెయ్యొచ్చుగా," అనేది.

ఎవరూ మానలేదు. ఆయనకు గట్టు ఎంతో ఆమెకు సర్వర్ అంత. వాళ్లకు పిల్లలు లేరు. రాను రాను వెళ్లడం తగ్గింది. ఫోన్లో మాట్లాడితే ఎప్పుడొస్తావన్న దగ్గర మొదలై, ఎవరు ఎవరి కోసం ఏం వదులుకున్నారన్న దగ్గర తేలేది. ఇద్దరూ విసిగిపోయారు. ఫోన్లు ఆగిపోయాయి. అర్జీలు మాత్రం ఆగలేదు, ఆగడానికి వీల్లేదు కనుక.

ప్రతి అర్జీలోనూ కారణం రాసి తీరాలి. మొదట్లో పట్టాభి ఒక్క ముక్క రాసేవాడు: "పోటు ఎక్కువ." ఎప్పుడు మొదలైందో గుర్తులేదు కానీ, ఆ ముక్క పక్కన ఇంకో ముక్క చేరింది. "పోటు ఎక్కువ. నాగేంద్రమ్మ పీతల కూర వండింది." దానికి వకుళ కింద రాసేది: "రెండు పలకలు దించితే చాలు, మూడొద్దు. ఇక్కడ గూడబాతులు దిగాయి." ఆయన మళ్లీ: "రెండెందుకు చాలు? లెక్క చూపించు." ఆమె లెక్క చూపించేది. తనకు నమ్మకం కుదిరేదాకా పట్టాభి దేనికీ ఒప్పుకునేవాడు కాదు. మూడు ప్రశ్నలైనా అడగనిదే ఆయన ఆమోదం రాదు. ఒకప్పుడు ఆమెకు అదే చిరాకు. తర్వాత తర్వాత ఆ ప్రశ్నల కోసమే అర్జీలో ఎక్కడో ఒకచోట చిన్న సందు వదిలిపెట్టేది.

*

వానలు పడేసరికి తప్పులు పెరిగాయి. పంపు పేరు రాయాల్సిన చోట ఊరి పేరు రాసేవాడు. నిన్న అమలైన అర్జీనే ఇవాళ మళ్లీ పంపేవాడు. ఒకసారి కారణం గడిలో "ఎందుకో రాసుకున్నాను, కనబడలేదు" అని ఉంది. వకుళ ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చుంది.

వారానికోసారి సరుకులు తెచ్చే లాంచీ తప్ప పెరికలంకకు వచ్చేవాళ్లు తక్కువ. ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? ఏలూరులో చీఫ్ ఇంజినీరు సుదర్శనం గారికి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది. చెబితే పట్టాభిని తీసేస్తారు. తీసేస్తే మొగ నుంచి అర్జీలు రావు.

అందుకని తనకు చేతనైన పని చేసింది. ఇప్పుడు లేని చోట్ల పేర్లతో అర్జీ వస్తే, ప్లాన్ వేయకుండా తిప్పి పంపేయమని సర్వర్ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చడానికి సిద్ధమైంది. నిబంధన మార్చాలన్నా అర్జీ పెట్టాల్సిందే, అవతలి మనిషి ఒప్పుకోవాల్సిందే. ఎందుకీ మార్పు అని అడుగుతాడు, ఏం చెప్పాలి? పొద్దున్నంతా జవాబు కూర్చుకుంది. పాత పేర్లు పేరుకుపోయాయి, అందుకని... అని.

అర్జీ పంపింది. కాసేపటికే ఆమోదం వచ్చేసింది. ఒక్క ప్రశ్న లేదు.

అప్పుడు పుట్టింది ఆమెకు భయం. కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. నీళ్లను కప్పేసిన గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తున్నాయి. తను పన్నెండేళ్లుగా ఒక మనిషికి ఎదురుగా కూర్చుని ఉన్నాననుకుంది. ఇప్పుడా మనిషి కుర్చీ వదిలి లేచి వెళ్లిపోతున్నాడు, చెప్పకుండా, నెమ్మదిగా.

ఆ తర్వాత ఆయన పెట్టాల్సిన అర్జీలు కూడా ఆమే రాయడం మొదలుపెట్టింది. మొగలో పోటు ఎంత ఉందో కొలతలు చూసుకుని, తానే ఆలోచించి, తానే అర్జీ పెట్టేది. ఆయన వెంటనే ఒప్పుకునేవాడు. పైకి చూస్తే రెండు చివర్లా ఇద్దరున్నారు. నిజానికి కొల్లేటికి కాపలా ఆమె ఒక్కతే. తను తప్పు చేస్తే పట్టుకునే మనిషి లేడన్న సంగతి ఆమెకు అన్నం సయించనిచ్చేది కాదు. రాసింది పదిసార్లు చదువుకునేది. ఆయనలాగే తనను తాను అడిగేది: రెండెందుకు చాలు? లెక్క చూపించు.

*

కార్తీకంలో తుపాను పట్టింది. తీరం దాటేది మొగ దగ్గరేనని తెల్లారగానే తేలిపోయింది. వకుళ అర్జీ పెట్టింది: మొగ దగ్గర ఉన్న పలకలన్నీ వరస కట్టాలి, పూర్తి ఎత్తుకు లేవాలి. పట్టాభి ఒప్పుకున్నాడు. అరవై కిలోమీటర్ల అవతల పలకలు ఒక్కొక్కటే నడిచి వచ్చి చేతులు కలుపుకోవడం తెర మీద చుక్కలుగా చూసింది. గట్టు మూసుకుంది.

మధ్యాహ్నం దాటాక, ఆకాశం సీసం రంగుకు తిరుగుతుండగా, మొగ నుంచి అర్జీ వచ్చింది.

ప్లాన్ ముందు చదివింది. కొత్తగా వచ్చేవి: ఏమీ లేవు. మారేవి: ఏమీ లేవు. పోయేవి: మొగ గట్టు, మొత్తం.

కారణం: "లాంచీ వస్తోంది. వకుళ ఇంటికి వస్తోంది. దారి వదలాలి."

ఎన్నేళ్ల నుంచో ఆయన ఆమెను రమ్మని అడగలేదు. ఇప్పుడు అడిగాడు, ముప్ఫై ఊళ్లు మునిగే ప్లాన్ కింద.

తిరస్కరించింది.

వెంటనే మళ్లీ వచ్చింది, అదే కారణంతో. మళ్లీ తిరస్కరించింది. మళ్లీ వచ్చింది. ఈసారి కారణంలో ఒక మాట ఎక్కువుంది: "వకుళ ఇంటికి వస్తోంది. గాలి పెరుగుతోంది, త్వరగా."

తిరస్కరిస్తూ ఉంటే సరిపోయేదే. కానీ తుపాను వేళలకు వాళ్లిద్దరూ ఒక ప్రత్యేక నిబంధన రాసి ఉంచారు. వేటకెళ్లిన పడవలు గట్టుకు అవతల చిక్కుకుపోతే అవి కనిపించేది మొగలో ఉన్నవాళ్లకే. తుపాన్లలో లైను తెగడం మామూలే. అందుకని మొగ నుంచి దారి వదలమని అర్జీ వచ్చి, గంటలోగా ఈ చివర నుంచి జవాబు లేకపోతే, మొగ మాటే చెల్లుతుంది. పడవల వాళ్ల ప్రాణాల కోసం రాసిన వాక్యం అది. ఇప్పుడు లైను ఒక్క గంట తెగిందంటే, ఈ చివర జవాబు అందక సర్వర్ గట్టు విప్పేస్తుంది. తెర మూలన లైను గుర్తు అప్పటికే మినుకుమినుకుమంటోంది.

మొగ క్వార్టర్సులో వంట చేసే నాగేంద్రమ్మకు ఫోన్ చేసింది. గాలి హోరులో ఆమె గొంతు సన్నగా వినబడింది.

"నాగేంద్రమ్మా, అయ్యగారేం చేస్తున్నారు?"

"బల్ల కాడే కూకున్నారమ్మా. అన్నం తినరు, లెగమంటే లెగరు. మీరొత్తన్నారని చెప్పి కొత్త దుప్పటి కూడా ఏయించారు మంచం మీద. నిజంగా ఒత్తన్నారా అమ్మా, ఈ గాలిలో?"

"ఇలా ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు?"

"మీకు తెలుసనుకున్నానమ్మా. రోజూ మీతోనే మాటాడతన్నానంటారు కదా," అంది నాగేంద్రమ్మ.

"ఫోన్ ఆయనకివ్వు."

ఏదో సర్దిన చప్పుడు. తర్వాత పట్టాభి గొంతు. ఎన్నాళ్లకో విన్నది. కొంచెం బొంగురుపోయింది కానీ, ఆ గొంతే.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"నేనింకా బయల్దేరలేదండీ."

"లాంచీ కనిపిస్తోందే."

"అది నాది కాదు."

"కాదా?" అన్నాడు. "మరి నువ్వెప్పుడొస్తావు?"

ఎన్ని తగాదాలు ఈ ప్రశ్నతోనే మొదలయ్యాయో. ఈసారి అందులో కోపం లేదు, దెప్పడం లేదు. తెలియక అడుగుతున్నాడు.

"రేపొస్తాను. తుపాను తగ్గాక."

"ఉండిపోవడానికేనా?"

తెర మూలన గుర్తు ఆరి, మళ్లీ వెలిగింది. కానీ ఆమె జవాబు చెప్పింది ఆ భయంతో కాదు. చెప్పాక గాని ఆ సంగతి ఆమెకే తెలియలేదు.

"ఉండిపోవడానికే."

"అయితే ఇవాళ దారి అక్కర్లేదు."

"అక్కర్లేదండీ. మూసే ఉంచండి."

"సరే, వెనక్కి తీసుకుంటాను. కారణం ఏం రాయను?"

"రేపొస్తుందని రాయండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతున్న చప్పుడు ఫోన్లో వినబడింది. తర్వాత తెర మీద కనిపించింది: అర్జీ వెనక్కి తీసుకున్నారు. కారణం: వకుళ రేపొస్తుంది.

కాసేపటికి లైను తెగింది. సాయంత్రం దాకా రాలేదు. ఆ మధ్యలోనే ఉప్పెన వచ్చి గట్టును గుద్దింది. నాలుగు పలకలు విరిగాయి. పక్కవి జరిగి ఆ సందులు మూశాయి. లైను వచ్చాక చూస్తే గట్టు నిలబడే ఉంది. కొల్లేటిలోకి ఉప్పునీటి చుక్క రాలేదు.

*

మర్నాడు పొద్దున్నే సుదర్శనం గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?"

"వానల ముందు నుంచండీ."

"ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే ఏం చేస్తారో నాకు తెలుసు కదండీ."

ఆయన గట్టిగా ఏమీ అనలేకపోయాడు. పట్టాభి దగ్గర పని నేర్చుకున్నవాడే ఆయన కూడా. ఏలూరులో శిక్షణ పూర్తయిన ఇంజినీరు ఒకమ్మాయి ఉందని, అనీస్ ఫాతిమా అని, వెంటనే లాంచీలో పంపుతానని అన్నాడు. "కానీ పట్టాభి గారి పేరు మీరే తీయించాలి. నిబంధన మీ ఇద్దరిదే కదా, ఆయన ఒప్పుకుంటే గాని సర్వర్ తీయదు. కాదని పైనుంచి మార్పించాలంటే నెలలు పడుతుంది."

వకుళ అర్జీ రాయడానికి కూర్చుంది. రాయాల్సింది ఒక్క వాక్యం. ఇద్దరి పేర్లలో ఒకటి కొట్టేసింది. సర్వర్ ప్లాన్ వేసింది. పోయేవి: ఒకటి. కారణం గడిలో "ఆరోగ్యం" అని రాసి, పంపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పొద్దుటి పూట పట్టాభికి మనసు తేటగా ఉంటుందని నాగేంద్రమ్మ చెప్పింది. అయినా జవాబు చాలాసేపు రాలేదు. వచ్చింది ఆమోదం కాదు, గమనిక.

"పోయేది ఒకటి అని ఉంది. అది నేనేనా?"

వకుళ కళ్లు తుడుచుకుని రాసింది: "మీరే."

"నాకు బాగుండటం లేదు కదూ."

"లేదండీ."

లాంచీ వచ్చిన చప్పుడు, రేవులో ఎవరో దిగుతున్న మాటలు వినిపించాయి. అప్పుడు తెర మీద వరసగా అక్షరాలు వచ్చాయి. గడిచిన నెలల్లో ఆయన అంత పొడుగు గమనిక రాయలేదు.

"తిరస్కరిస్తున్నాను. తీసేయడం సబబే, కానీ అర్జీ తప్పు. నా పేరు తీస్తే నువ్వొక్కదానివే మిగులుతావు. ఒక్కరితో సర్వర్ ఏ అర్జీ తీసుకోదు. రేపు పోటు వస్తే గట్టు కదపలేవు. ముందు ఇంకొకరి పేరు చేర్చు, తర్వాత నాది తియ్యి. ఇంత చిన్న సంగతి ఎలా మర్చిపోయావు?"

వకుళ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. పదిసార్లు చదివినా ఆమెకు కనబడలేదు.

గుమ్మంలో అనీస్ నిలబడి ఉంది, భుజాన సంచి, మోకాళ్ల దాకా బురద. "మేడమ్, రావచ్చా?" అంది.

"రామ్మా. నీ పూర్తి పేరు ఎలా రాస్తావో ఇక్కడ రాయి," అని కుర్చీ వదిలి లేచింది వకుళ.

అనీస్ పేరు చేర్చే అర్జీని పట్టాభి రెండు ప్రశ్నలడిగి ఒప్పుకున్నాడు. తన పేరు తీసే అర్జీకి ప్రశ్నలేమీ అడగలేదు. "చూశాను. బాగుంది," అని రాశాడు.

సర్వర్ అమలు చేసింది. దానితో పాటు వకుళ అనుకోనిది ఒకటి జరిగింది. పేరు పోవడంతో, పన్నెండేళ్ల గమనికలన్నిటి పక్కనా "పట్టాభి" అని ఉన్న చోటల్లా "పూర్వ సభ్యుడు" అని మారిపోయింది. పీతల కూర సంగతి చెప్పింది పూర్వ సభ్యుడు. లెక్క చూపించమన్నది పూర్వ సభ్యుడు. తను రాసిన సర్వర్ ఇలా చేస్తుందని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరి పేరూ తీయాల్సి వస్తుందని అనుకోలేదు కనుక.

కొల్లేరు చివర కుర్చీ అనీస్‌కు అప్పగించి, రెండు సంచులు సర్దుకుని, ఆ రోజే బయల్దేరింది. ఏరు పొడవునా విరిగిన చెట్లు తేలుతున్నందున లాంచీ ఆమెను కొల్లేటి ఒడ్డునే దించేసింది. రోడ్డు మీద చుట్టు తిరిగి మొగ చేరేసరికి పొద్దు వాలుతోంది. పట్టాభి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నాడు.

"వచ్చావా," అని చేతిలో సంచి అందుకున్నాడు.

*

శీతాకాలమంతా ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారు. పన్నెండేళ్ల తర్వాత ఆమెకు గోడ గడియారం చూడక్కర్లేని భోజనాలు దొరికాయి. కొన్ని రోజులు బాగుండేవి. ఆయన పలకల కాళ్ల గురించి, మొదటిసారి ఒక పలక బోర్లా పడ్డ రోజు గురించి చెప్పి నవ్వేవాడు. తర్వాత ఆ రోజులు పలచబడ్డాయి. ఆయన ఇంట్లోనే ఉండేవాడు. అయినా ఆయన కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండేది వకుళకు. అరవై కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు కనీసం గమనికలు వచ్చేవి.

అనీస్ పని చురుగ్గా చేసేది. అర్జీ పెట్టిన కాసేపటికే ఆమోదం వచ్చేది, ఒకటే మాట: "ఓకే." ఒకరోజు మాత్రం ఫోన్ చేసింది.

"మేడమ్, ఇవాళ్టి అర్జీలో కారణం దగ్గర 'పోటు తగ్గింది. ఆయన పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారు' అని ఉంది. పొరపాటున పడ్డట్టుంది. తీసేయమంటారా?"

"ఉండనీయమ్మా," అంది వకుళ. "మరి నువ్వేం తిన్నావు?"

అనీస్‌ నవ్వేసి, "ఉప్మా మేడమ్," అని పెట్టేసింది.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం వకుళ మొగ ఒడ్డుకు వెళ్లింది. అక్కడ సిమెంటు బల్ల మీద పట్టాభి కూర్చుని ఉన్నాడు. వేట ముగించుకుని పడవలు వరసగా వస్తున్నాయి. అంతకుముందే ఆమె అర్జీ పెట్టింది, అనీస్ ఒప్పుకుంది. పలకలు చేతులు వదిలి, ఒకదాని వెనక ఒకటి పక్కకు నడుస్తున్నాయి. నీళ్ల మీద వాటి తలలు మాత్రం కదులుతూ కనిపిస్తున్నాయి. మధ్యలో దారి తెరుచుకుంది. మొదటి పడవ లోపలికి వచ్చింది.

పట్టాభి రెప్ప వేయకుండా చూశాడు. ఆమె వచ్చి నిలబడ్డం గమనించి, మర్యాదగా కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఎంత బాగా నడుస్తున్నాయండీ," అన్నాడు. "ఎవరు చేశారో ఇవి?"

ఆయన తనను "అండీ" అనడం వకుళ అప్పుడే మొదటిసారి వింది.

"మేమే చేశామండీ," అంది. "మా ఆయనా, నేనూ."

"అబ్బ! చాలా గొప్ప పని." ఆయన ముఖం వెలిగిపోయింది. పలకల వంక మళ్లీ చూసి, ఆమె వైపు తిరిగాడు. "వారేరీ? మీతో రాలేదా?"

"ఇక్కడికే వస్తారు."

"అలాగా," అన్నాడు పట్టాభి. బల్ల మీద ఒక పక్కకు జరిగి, ఖాళీ అయిన చోట పడ్డ ఇసుకను చేత్తో దులిపాడు. "అయితే వచ్చేదాకా కూర్చోండి."

వకుళ కూర్చుంది.